గోడవ్రాఁతయు గాలివార్తయు

గత సంవత్సరము జూలై 22వ తేది, దాశరథి కృష్ణమాచార్యులవారి జయంతినాఁడు, నిజామాబాదున నాయొద్దఁ దెలుఁగు చదువుకొనుచున్న బాలిక యొకతె ఆ కవి యిందూరు చెఱసాలలోఁ జెప్పిన నిజాము నిందాపద్యమును తప్పులేకుండ వ్రాసి, ఖిల్లా ఛాయాచిత్రముతోఁగూడ ఒకానొక సామాజికమాధ్యమ వేదికపై నుంచెను. మధ్యాహ్నభోజనపు గంట కొట్టులోపల ఆ పద్యము కానరాకపోయెను. దాని చోట "ద్వేషభాషణము, వేధింపు" అను రెండు మాటల నోటీసు మిగిలెను. ఆ పిల్ల ఫోను నాకుఁ జూపి, "సార్, ఇందులోఁ దప్పైన పదమేది?" అని యడిగెను.

నేను వ్యాకరణము చదువుకొన్నవాఁడను. తప్పనఁగానే నా కన్ను యతిస్థానములమీఁదికిఁ బోయెను. పిదప సంధులమీఁదికిఁ బోయెను. రెండును నిర్దుష్టములే. ఆమె యడిగిన తప్పు అట్టిది కాదని తెలియుటకు నాకుఁ గొంతసేపు పట్టినదని చెప్పుకొనుటకు సిగ్గుపడను. ఆ వేదిక యేదియను విచారము నాకుఁ బనిలేనిది. కాని ఆ ప్రశ్నలోనే యొక సిద్ధాంతము దాఁగియున్నది. దోషము ఏదో యొక పదమునందుండునని బాలిక తలఁచినది; పద్యమును తీసివేసిన యంత్రమును అట్లే తలఁచినది. భర్తృహరి మొదలైన వైయాకరణులు అర్థము వాక్యమునందే యఖండముగా స్ఫురించునని, పదము వ్యవహారసౌకర్యము కొఱకు విడఁదీసిన తునుకయేయని చెప్పిరి. అర్థమే వాక్యమునందున్నచో ఆ యర్థమునకుఁ జెందిన దోషము పదమునందెట్లుండఁగలదు? మాధ్యమవేదికలవారు "మోడరేషన్" అని పిలుచు వడపోఁతను ఈ దృష్టితోఁ బరీక్షించుట నా యుద్దేశము. అందుకు మా జిల్లాలోనే రెండు లక్ష్యములు దొరకినవి. ఒకటి గోడవ్రాఁత, రెండవది గాలివార్త.

ఇందూరు ఖిల్లా మా యూరివారందఱకుఁ దెలిసిన గుట్ట. అందు రఘునాథాలయము కలదు. నిజాము పాలనమున ఆ కోటయే చెఱసాల కూడ నయ్యెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమునఁ గలియుటకు ముందు రాజకీయ ఖైదీలను అచ్చట నుంచిరి. దాశరథియు, దేశోద్ధారక గ్రంథమాలను నడపిన వట్టికోట ఆళ్వారుస్వామియు నచ్చటఁ దోడిఖైదీలు. కవి బొగ్గుముక్కతో గోడపైఁ బద్యము వ్రాసెను. అతని అగ్నిధార వెలువడినది 1949లో. అప్పటికాయన వయస్సు ఇరువదినాలుగేండ్లు.

గోడ చెఱసాలవారిది, వ్రాసినవాఁడు వారి ఖైదీ. ఫేస్‌బుక్కువారు తొలినాళ్ళలోఁ దమ పుటను "గోడ" యనియే పిలిచిరి. ఆ పేరు పెట్టినప్పుడు వారు ఇందూరు గోడనుగూర్చి వినియుండరు గాని మాట మాత్రము తగినదే.

ఆ పద్యము మన పాఠకులకుఁ గంఠస్థమే కాఁబట్టి ఉదాహరింపను. దాని కట్టడము మాత్రము చూతము. మొదట సంబుద్ధి, ప్రభువును పిశాచమని పిలుచుట. తరువాత అట్టి రాజు మునుపు లేఁడనుట. ఆపైన ఆతఁడు చెఱిచిన యొక వాద్యమును జెప్పి, ఆ వాద్యమే తన దేశమని ముగించుట. క్రియలను పరిశీలింపుఁడు. ఒకటి వ్యతిరేకార్థకము, ఒకటి భూతార్థకము. విధ్యర్థక మొక్కటియు లేదు. కొట్టుమనికాని చంపుమనికాని యెవనికిని చెప్పలేదు. పిశాచశబ్దముతో మొదలైన పద్యము వీణతో ముగియుచున్నది. ఇది యాదృచ్ఛికము కాదు. మీమాంసకుల "నహినిందా" న్యాయమును మనము పాఠశాలలో వల్లించియున్నాము. నింద నిందితుని తిట్టుటకుఁ బ్రవర్తింపదు, మఱియొకదానిని స్తుతించుటకుఁ బ్రవర్తించునని దాని తాత్పర్యము. దాశరథి నిందకు శేషి తెలంగాణము. నిజాము అక్కడ అంగముగా మాత్రమున్నాఁడు. ఆ పద్యమును నిందగా మాత్రము చదువువాఁడు మొదటి పాదముతోనే చదువు మానినవాఁడు.

మఱియొక సంగతి కలదు. సంబుద్ధికి సంబోధ్యుఁడుండవలయును. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967లో గతించెను. ఆతని సింహాసనము అంతకుముందే పోయినది. నేఁడొక బాలిక జయంతినాఁడు ఆ పద్యమును వ్రాసినప్పుడు "ఓ" యన్న పిలుపును వినువాఁడు లేఁడు. అది కావ్యానువాదము, స్మరణము. నోటీసులోని రెండవ మాట "వేధింపు". వేధింపఁబడినవాఁడెవఁడో నాకుఁ దెలియలేదు.

యంత్రము పదపట్టికను మాత్రమే చూచునని హేళన చేయుట నేఁడు న్యాయము కాదు. వెనుక అట్లుండెను. ఇప్పుడు దానికి అసంఖ్యాకములైన వాక్యములను చదివించి, ఏ పదము ఏ పదముల సరసనున్నప్పుడు మనుష్యులు దానిని దుష్టమన్నారో నేర్పుచున్నారు. క్రొత్త వాక్యము వచ్చినప్పుడు అది దుష్టమగుటకెంత యవకాశమో యొక యంకె వేయును. ఆ యంకె గీఁత దాఁటినచోఁ దీసివేయును. ఇది మన శాస్త్రమునకుఁ బూర్తిగాఁ బరాయిది కాదు. నానార్థక శబ్దమునకు అర్థము నిర్ణయించు హేతువులను వాక్యపదీయకారుఁడు లెక్కించినప్పుడు సాహచర్యమును, శబ్దాంతరసన్నిధిని అందుఁ జేర్చెను. యంత్రమీ రెంటియందును గట్టిది. పదియేండ్లు చదివిన విద్యార్థికంటె గట్టిదని యొప్పుకొందును. కాని ఆ జాబితాలోఁ బ్రకరణమున్నది, ఔచిత్యమున్నది, దేశమున్నది, కాలమున్నది. భోజనమునకుఁ గూర్చున్నవాఁడు సైంధవమును తెమ్మన్నచో ఉప్పు, ప్రయాణమునకు లేచినవాఁడన్నచో గుఱ్ఱము. చర్వితచర్వణమైనను చెప్పక తప్పదు. కూర్చున్నాఁడో లేచినాఁడో అక్షరములలో నుండదు. జూలై 22 అనుట అక్షరములలో నున్నను అది యెవరి జయంతియో తెలిసినవానికిఁ గాని అది ప్రకరణము కానేరదు. పైఁగా తెలుఁగునందు అట్లు చదివించుటకు దొరకు వాక్యరాశి ఇంగ్లీషునకున్నంత లేదు.

పదమును పట్టుకొని వాక్యమును విడుచుటవలనఁ గలిగిన యనర్థమునకుఁ బెద్ద యుదాహరణము అరబ్బీనుండి వచ్చిన "షహీద్" శబ్దము. దాని ధాతువునకు సాక్ష్యమిచ్చుట యని యర్థము. ధర్మముకొఱకుఁ బ్రాణమిచ్చినవాఁడు, యుద్ధమునఁ బడిన సైనికుఁడు, అన్యాయముగాఁ జంపఁబడినవాఁడు, ఒక్కొక్కచోఁ బ్రమాదమున మరణించినవాఁడు కూడ ఆ శబ్దముచేఁ జెప్పఁబడుదురు. ఫేస్‌బుక్కును ఇన్‌స్టాగ్రామును నడపు మెటా సంస్థ, తాను ప్రమాదకరులని పేర్కొన్నవారి విషయమున ఆ పదము వచ్చినప్పుడెల్ల దానిని స్తుతిగానే గణించి తొలఁగించుచుండెను. వార్త యైనను చర్చ యైనను ఒక్కటే. ఆ సంస్థ నెలకొల్పిన పర్యవేక్షకమండలి 2024 మార్చిలోఁ దన యభిప్రాయము ప్రకటించుచు, ఆ వేదికలపైఁ దొలఁగింపులకు ఇంతగాఁ గారణమైన పదము మఱియొకటి లేదని చెప్పెను. ఆ నిషేధమును సడలింపుమనెను. అదే సంవత్సరము జూలైలో సంస్థ యందుకు సమ్మతించెను. ఒక నానార్థక శబ్దమునకు ఏకార్థమును నిర్ణయించిన పాపమునకు ఎన్ని నిర్దోషవాక్యములు పోయినవో!

ఇది మనకు దూరపుమాట కాదు. బోధనునందు 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసి శక్కర్‌నగర్ ఏర్పడినది. తెలుఁగు, ఉర్దూ, మరాఠీ మూఁడును ఆ చెఱకు సీమలో ఒక్క బజారునందే వినవచ్చును. 2015లోఁ గర్మాగారము మూఁతపడినను ఆ భాషలు మూఁతపడలేదు. అచ్చట ఉర్దూవారు షహీదనుచోట మనవారు అమరుఁడందురు. 1969 ఉద్యమమున మడిసినవారికి హైదరాబాదునఁ గట్టిన స్తూపమును అమరవీరుల స్తూపమందుము. వ్యుత్పత్తిచే అమరుఁడనఁగా మరణము లేనివాఁడు. అనఁగా మరణించినవానిని మరణము లేనివాఁడని చెప్పుచున్నాము, ఒక్కరును పొరపడుట లేదు. ముఖ్యార్థబాధ, తద్యోగము, ప్రయోజనము అను మూఁడు మెట్లను బోధను బజారులోని కూరగాయలమ్మి కూడ చదువకయే యెక్కుచున్నది.

ఇఁక రెండవ లక్ష్యము. గోడవ్రాఁత యంత్రమునకుఁ బట్టుపడినది గదా. దానికిఁ బట్టుపడని వాక్యమెట్లుండునో చూతము.

2018 మే నెలలోఁ దెలంగాణమునఁ బిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సప్ ద్వారా వదంతి వ్యాపించినది. పరదేశులు వచ్చిరి, పిల్లలు జాగ్రత్త, మీవారందఱకుఁ దెలుపుఁడు. ఇట్టి వాక్యములే దాని సారము. ఆ రోజులలో మా జిల్లా భీమ్‌గల్ మండలమున జనులు అనుమానముతో నొకనిఁ గొట్టి చంపిరి. యాదాద్రి జిల్లా బీబీనగరు ప్రాంతమునను అట్లే యొకఁడు మరణించెను. నేను ఆ నెలలో వేసవి సెలవులకు బంధువుల పల్లెకుఁ బోవుచు, దారి యడుగుటకు బస్సు దిగిన చోట నలుగురు నన్నుఁ జూచిన చూపు నేఁటికిని మఱవలేదు. ధోవతియు తెల్లజుట్టును నన్నుఁ గాచినవని తలఁతును.

ఆ వదంతివాక్యమును పదపదముగాఁ బరీక్షింపుఁడు. పిల్లలు, తల్లులు, జాగ్రత్త, దయచేసి. ఇన్ని సాధుపదములు ఏ పద్యశతకమునందును ఒక్కచోఁ గూడవు. తిట్టు లేదు, జాతినామము తఱుచుగా లేదు, ఆయుధనామము లేదు. విధిక్రియలున్నవి కాని అవి "జాగ్రత్తగా నుండుఁడు", "తెలుపుఁడు" అని మేలు కోరునవి. అట్లయ్యును దాని తాత్పర్యము విధియే: తెలియని మనుష్యుఁడు కానవచ్చినచోఁ గొట్టుఁడు. ఆ విధి లిఙ్‌ప్రత్యయమునందు లేదు, లోట్‌నందు లేదు. రాత్రి పొలిమేరలోఁ గఱ్ఱలతో నిలుచున్నవారి ప్రకరణమునందున్నది. ఆలంకారికులు దీనిని వ్యంజన యందురు. విధిరూపవాక్యమునకు నిషేధము, నిషేధరూపవాక్యమునకు విధి వ్యంగ్యమగుట ధ్వనికారుఁడు మొట్టమొదటనే చూపియున్నాఁడు గదా. శృంగారమున మనకు రుచించిన యా మార్గమే భీమ్‌గల్‌లో మనుష్యుని చంపినది.

కాఁబట్టి పదములను తూఁచు త్రాసునందుఁ బద్యము బరువు, వదంతి తేలిక. త్రాసు చెప్పినట్లు చేసినచోఁ గోటి జనులు కంఠస్థము చేసిన పద్యము పోవును, వదంతి నిలుచును. వాట్సప్‌వారు ఆ సంవత్సరము జూలైలో భారతదేశమున ఒక సందేశమును ఒక్కమాఱు ఐదింటికి మించి పంపరాదని హద్దు పెట్టిరి. నాకిది వివేకముగాఁ దోఁచినది. వారు పదమును తాఁకలేదు, వ్యాప్తివేగమును తాఁకిరి. వదంతికిఁ బ్రాణము మాటయందుకంటె పరుగునందుండును.

న్యాయస్థానములవారు ఈ విషయమున మన పండితులకంటె చక్కఁగా వాక్యార్థవిచారము చేసిరని చెప్పుటకు నాకు సంతోషమే. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షను, ఇతరులకు విసుగు కలిగించు, మిక్కిలి నొప్పించు సందేశములను శిక్షార్హములు చేసెను. ఆ పదములలో నొక్కదానికిని లక్షణము లేదు, ఉన్నదంతయు అతివ్యాప్తి. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేయుచు, చర్చ వేఱు, సమర్థనము వేఱు, ప్రేరణము వేఱనియు, ప్రేరణస్థితికి వచ్చినప్పుడే నిర్బంధమునకుఁ జోటనియు విభజించెను. లిఙర్థము ప్రేరణయని మనము చెప్పుదుము. న్యాయమూర్తులు వేఱు దారిని వచ్చి ఆ శబ్దముయొద్దనే నిలిచిరి.

అంతకంటెను మనకు సన్నిహితమైనది 2025 మార్చి 28 నాఁటి తీర్పు. పార్లమెంటు సభ్యుఁడు, ఉర్దూ కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఇన్‌స్టాగ్రాములో నుంచిన దృశ్యమునందు వినవచ్చిన కవితపై గుజరాతులోని జామ్‌నగరునఁ బోలీసులు కేసు పెట్టిరి. ఆ కవితయు సంబుద్ధితోనే మొదలగును, రక్తపిపాసువులను పిలుచును. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ గారలు ఆ కవితను ఆద్యంతము చదివి, అన్యాయమును ప్రేమతో నెదుర్కొందుమనుట దాని తాత్పర్యమని నిర్ణయించి కేసును కొట్టివేసిరి. పలికిన మాటల ఫలమును ధీరచిత్తులైన వివేకుల కొలఁదినిఁ జూడవలయునే కాని, ప్రతి విమర్శయందును ఆపదను గనువారి కొలఁదినిఁ జూడరాదనిరి. సహృదయుఁడే కావ్యమునకుఁ బ్రమాణమని అభినవగుప్తుఁడు చెప్పిన మాట యిది, న్యాయపీఠమునుండి వచ్చినది. అదే సంవత్సరము సెప్టెంబరులోఁ దెలంగాణ హైకోర్టు, మాధ్యమములలోని వ్రాఁతలపైఁ గేసు నమోదు చేయుటకు ముందు పోలీసులు ప్రాథమిక విచారణ చేయవలెననియు, యాంత్రికముగా నరెస్టులకుఁ బూనరాదనియు నిర్దేశించెను. యాంత్రికముగా నను విశేషణము పోలీసుల కొఱకుఁ బడినది. యంత్రములకును అది తగియున్నది.

ఇందుకు ముఖ్యమైన పూర్వపక్షము సంఖ్య. దినమునకుఁ గోట్లకొలఁది వ్రాఁతలు వచ్చుచుండఁగా సహృదయుల నెచ్చటనుండి తెత్తురు? మాట నిజమే. మా సీమలో బెల్లము వండుచోటికిఁ బోయి చూచినవారెఱుఁగుదురు. చెఱకురసము కాఁగునప్పుడు సున్నమువేసి పైకిఁ దేలు మురికిని గరిటెతోఁ దీసివేయుదురు. ఆ పనికి ఎవఁడైనఁ జాలును. పాకము వచ్చినదో లేదో చూచుటకు మాత్రము ఊరికొక్కఁడే యుండును. మురికి తీయుటకు యంత్రమునుంచుకొనుఁడు. బాలలను చెఱచు చిత్రములను, మోసపు ప్రకటనలను అది క్షణములోఁ దీసివేసినచో మేలే. పాకము చూచుటకు ఆ భాష తెలిసిన మనుష్యుఁడు కావలయును. వాదమునకు వచ్చిన వాక్యములు మొత్తములో నెన్నవవంతు?

గోడ మాది, మీకేమి హక్కనునది రెండవది. రాజ్యాంగము 19వ అధికరణము ప్రభుత్వమును కట్టునే కాని వర్తకుని కట్టదను మాట కూడ వినవచ్చును. కాని ఊరివారినెల్లఁ బిలిచి వ్రాయుమని గోడ చూపినవాఁడు, తుడిచినప్పుడు ఏ నియమముచేఁ దుడిచెనో చెప్పవలయును. ఆ నియమము వ్రాసినవాని భాషలో నుండవలయును. 2021 ఏప్రిలులో నొక పంజాబీ వ్రాఁతను తొలఁగించిన వ్యవహారమును విచారించుచు ఆ పర్యవేక్షకమండలియే, నియమావళి పంజాబీలో లేకపోవుటను ఎత్తిచూపి అనువదింపుమని చెప్పెను. సూత్రపాఠమునీయక ప్రయోగము అసాధువనుట ఏ గురుకులమునందును లేదు. 1937లో మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను మా నిజామాబాదున ఆంధ్రమహాసభ జరిగిన కాలమున, సభ జరుపుటకు ముందుగా ననుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అమలులో నుండెను. అది క్రూరమైన యాజ్ఞ. కాని దానికొక సంఖ్య యుండెను. ఎవరి గుమ్మమునకుఁ బోయి యడుగవలయునో తెలిసియుండెను. బాలికకు వచ్చిన నోటీసునందు సంఖ్య లేదు, పేరు లేదు, పద్యములోని యే పాదము దోషమో లేదు.

కవిత్వమను పేరిట ఏమైనను వ్రాయవచ్చునని నేను వాదించుట లేదు. స్త్రీలను పేరు పెట్టి దూషించు కందపద్యములను నేఁడు మాధ్యమములలోఁ జూచుచున్నాను. వాని గణములు సరిపోయినవి, తాత్పర్యము హింస. ఛందస్సు కవచము కాదు. ఆ వ్రాఁతలు పోయినను నేను విచారింపను, చదివి తీసివేసినచో.

మాటకు మాటయే మందగు చోట్లును గలవు. 2018లో ఆ వదంతి చెలరేఁగినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు జానపద గాయకులను, డప్పువారిని ఊరూరికిఁ దీసికొనిపోయి ఆ సందేశములు అబద్ధములని పాడించిరి. పాలమూరు పల్లెలలోఁ బోలీసులు పాటను తొలఁగింపక పాటను తెప్పించుట నాకు వింతగా, సంతోషముగాఁ దోఁచినది. ఆ పాటల సాహిత్యమును ఎవరైన సేకరించి ఈ పత్రికకుఁ బంపినచో బాగుండును.

బాలిక యాక్షేపణము పంపినది. తొమ్మిదవనాఁడు పద్యము మరలఁ గానవచ్చినది, కారణము చెప్పలేదు. అప్పటికి జయంతి దాఁటిపోయినది. తొలఁగించిననాఁడే యామె తరగతిలో నల్లబల్లపై సుద్దముక్కతో ఆ పద్యమునంతయు వ్రాసియుంచినది. తరువాతి గంట గణితోపాధ్యాయునిది. ఆయన లోపలికి వచ్చి, బల్ల యెదుట నిలిచి, పద్యమును తుదిదాఁకఁ జదివి, పిదప లెక్క వేయుటకు తుడిచెను.